సొంత వెబ్‌సైటు కట్టుకునేవారు మొదటి వారంలోనే తేల్చుకోవలసిన సంగతులు

నమస్కారం. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది ఇంతవరకు ఒక్క వెబ్ పేజీ కూడా తయారుచేయలేదని నిర్వాహకులు ముందే చెప్పారు కనుక, మొదటినుంచీ మాట్లాడతాను. అయితే ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలో నేను చెప్పబోవడం లేదు. ఆ బటన్లు ఏడాది తిరగకముందే చోటూ పేరూ మారిపోతాయి. వాటిని చూపించే వీడియోలు ఎలాగూ కావలసినన్ని ఉన్నాయి. కొత్తవాళ్లు మొదటి వారంలో, అంతగా ఆలోచించకుండా తీసుకునే నిర్ణయాలు కొన్ని ఉంటాయి. పేరు ఎవరి ఖాతాలో నమోదైంది, రాసినది ఏ రూపంలో దాచాం, పేజీకి ఏ చిరునామా ఇచ్చాం అన్నవి అలాంటివే. డిజైన్ నచ్చకపోతే ఒక సెలవు రోజున మార్చుకోవచ్చు గానీ, ఇవి మాత్రం ఏళ్ల తరబడి వెన్నాడతాయి. వీటిని తూచడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: మీ సైటుకు చోటిచ్చిన సంస్థ రేపు మూతపడితే, దాన్ని మరోచోటికి తరలించి, చదివేవాళ్లకు ఆ సంగతే తెలియకుండా నడపగలరా?

ఇది ఊహకోసం వేసిన ప్రశ్న కాదు. 1994లో మొదలైన జియోసిటీస్ అనే సేవ ఎవరైనా ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే వీలు కల్పించింది. లక్షలాది మంది తమ అభిరుచుల గురించీ చదువుల గురించీ అక్కడ పేజీలు కట్టుకున్నారు. 1999లో యాహూ ఆ సంస్థను కొన్నది. 2009 అక్టోబరులో, జపాన్‌లో తప్ప మిగతా అంతటా మూసేసింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కొందరు పూనుకొని నకళ్లు తీసి పెట్టారు కాబట్టి రాతలు కొంతవరకు దక్కాయి. చిరునామాలు మాత్రం దక్కలేదు. ఇతరులు తమ పేజీల్లో ఇచ్చుకున్న లింకులన్నీ పనికిరాకుండా పోయాయి, ఎందుకంటే ఆ చిరునామాలు రాసినవారివి కావు, చోటిచ్చిన సంస్థవి. ఉచితంగా వాడుకోవడం ఇక్కడ తప్పు కాదు. ఉచిత హోస్టింగ్ మీద, అంటే సైటు ఫైళ్లకు ఎవరో ఊరికే ఇచ్చే చోటు మీద, నడుస్తున్న మంచి సైట్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. తేడా అంతా చిరునామా ఎవరిదన్న దగ్గరే ఉంది.

కాబట్టి మీ దగ్గర ఈ పనికోసం ఉన్న డబ్బు చాలా కొద్దిదే అయితే, దాన్ని డొమైన్ పేరు మీదే, అంటే మీ సైటుకు మీరు ఎంచుకునే సొంత చిరునామా మీదే పెట్టండి. మనం పేరు కొన్నామని అంటాం గానీ నిజానికి ఎవరూ కొనరు. ఏడాది మొదలుకొని గరిష్ఠంగా పదేళ్ల వరకు నమోదు చేయించుకుంటారు, గడువు తీరేలోపు పొడిగించుకుంటారు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్ల వ్యవస్థను 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ సమన్వయం చేస్తుంది. మనతో లావాదేవీ జరిపేవారిని రిజిస్ట్రార్లు అంటారు. ఆ రిజిస్ట్రార్ దగ్గర ఖాతా మీ పేరున, మీ ఈమెయిలుతో, మీ పాస్‌వర్డుతో ఉండాలి. సైటు తయారుచేసి పెడతానన్న మిత్రుడో డిజైనరో పని తొందరలో తన ఖాతాలోనే పేరు నమోదు చేసేస్తాడు. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ మూడేళ్ల తర్వాత ఆయన ఫోను నంబరు మారిపోయి, పొడిగింపు సమయం దాటిపోయినప్పుడు, ఆ పేరు నాదేనని నిరూపించుకోవడానికి మీ దగ్గర ఆధారమేమీ ఉండదు.

ఈమెయిలు అన్నాను కదా, అందులో ఒక మెలిక ఉంది. సొంత డొమైన్ రాగానే అదే పేరుతో ఈమెయిలు కూడా పెట్టుకోవాలని అందరికీ సరదా వేస్తుంది. పెట్టుకోండి. కానీ రిజిస్ట్రార్ ఖాతాకు ఆ ఈమెయిలు ఇవ్వకండి. డొమైన్ గడువు తీరితే ఆ పేరు మీది ఈమెయిలు కూడా ఆగిపోతుంది. పాస్‌వర్డు మార్చుకునే లింకు అందుకునే దారి సరిగ్గా అవసరమైన రోజునే మూసుకుపోతుంది. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలని డాట్ కామ్ వంటి పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకు ఐకాన్ నియమం ఉంది. ఆ ఉత్తరాలు మీరు రోజూ చూసే పెట్టెలోకి రావాలి. గడువు దాటి తొలగించిన పేరును 30 రోజుల లోపు అదనపు రుసుముతో విడిపించుకునే అవకాశం చాలా రకాల పేర్లకు ఉంది గానీ, అదీ దాటితే పేరు మళ్లీ బజారున పడుతుంది, కాచుకుని కూర్చున్నవాళ్లు క్షణాల్లో ఎగరేసుకుపోతారు. ఇక ఎలాంటి పేరు ఎంచుకోవాలంటే, ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగేది ఎంచుకోండి. డాట్లకు మధ్య ఉండే పేరులో 63 అక్షరాల వరకు సాంకేతికంగా అనుమతి ఉంది. అనుమతి ఉందని వాడుకోనక్కరలేదు. నమోదుకు ముందు మొదటి ఏడాది ధర కాకుండా రెండో ఏడాది పొడిగింపు ధర చూడండి, ఎందుకంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎప్పుడూ మొదటిదే.

పేరు వేరు, చోటు వేరు అన్నది కొత్తవాళ్లకు వెంటనే పట్టుబడని సంగతి. ఎవరైనా మీ పేరును బ్రౌజర్‌లో టైపు చేసినప్పుడు, ఆ సైటు ఏ సర్వర్‌లో, అంటే ఫైళ్లను దాచి అడిగినవారికి పంపే ఏ కంప్యూటర్‌లో, ఉందో డీఎన్ఎస్ అనే వ్యవస్థ చెబుతుంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఆ వ్యవస్థే మౌలికంగా ఇప్పటికీ నడుస్తోంది. ఈ అమరిక వల్లే మనకు స్వేచ్ఛ దొరుకుతోంది. హోస్టింగ్ సంస్థ నచ్చకపోతే ఫైళ్లను కొత్త సర్వర్‌లో పెట్టి, డీఎన్ఎస్‌లో ఒక పంక్తి మారిస్తే చాలు, పాఠకుడు టైపు చేసే పేరు మారదు. పేరును, హోస్టింగ్‌ను వేర్వేరు సంస్థల దగ్గర ఉంచుకోమని నేను సలహా ఇచ్చేది ఇందుకే. ఒకరితో పేచీ వచ్చినప్పుడు రెండోది మీ చేతిలో ఉంటుంది. తరలింపు అనుకున్నప్పుడు ఒక చిన్న జాగ్రత్త తీసుకోవాలి. డీఎన్ఎస్ జవాబును ఎన్ని సెకన్లపాటు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే టీటీఎల్ అనే అంకె ఒకటి ఉంటుంది. అది 86,400 అని ఉంటే, మీరు మార్చిన తర్వాత కూడా కొందరికి ఒక రోజంతా పాత సర్వరే కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల ముందే దాన్ని 300కు తగ్గించి పెట్టుకుంటే మార్పు ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది. పాత హోస్టింగ్‌ను మాత్రం అదేరోజు రద్దు చేయకండి.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ప్రశ్న: సైటును దేనితో కట్టాలి? ఇక్కడ నా అభిప్రాయం కొంత పక్షపాతంతో కూడుకున్నదని ముందే ఒప్పుకుంటాను. మీ మొదటి సైటులో ఐదారు పేజీలే ఉంటే, దాన్ని చేత్తో హెచ్‌టీఎంఎల్‌లో రాయండి. టిమ్ బెర్నర్స్ లీ 1989లో సెర్న్ పరిశోధనా సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించి, 1991లో మొదటి వెబ్‌సైటును లోకం ముందు పెట్టారు. ఆ తొలి పేజీలను సెర్న్ పునరుద్ధరించి ఉంచింది. ఈరోజు మీ జేబులోని ఫోనులో తెరిచినా అవి శుభ్రంగా చదవడానికి వస్తాయి. దీనికి పక్కన, కదిలే బొమ్మలతో పేజీలు చేసే ఫ్లాష్ అనే పరికరాన్ని పెట్టి చూడండి. రెండువేల దశకంలో సైటు మొత్తాన్ని ఫ్లాష్‌లో చేయించుకోవడం గొప్పగా ఉండేది. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆపేసింది, బ్రౌజర్లు దాన్ని తీసేశాయి, ఆ సైట్లు తెరిస్తే ఖాళీ పెట్టెలు మిగిలాయి. ఒకే సంస్థ చేతిలోని పరికరంతో చేసినది ఆ సంస్థ ఓపిక ఉన్నంతకాలమే ఉంటుంది. ఎవరి సొత్తూ కాని సాదా ప్రమాణంతో రాసినది దానికన్నా చాలాకాలం నిలుస్తుంది.

హెచ్‌టీఎంఎల్ అనగానే ప్రోగ్రామింగ్ అనుకుని భయపడనక్కరలేదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది లింకు అని రాతలోని భాగాలకు పేర్లు పెట్టడమే ఆ పని. ట్యాగులు అనే ఆ గుర్తులు పది పదిహేను తెలిస్తే మొదటి సైటు పూర్తవుతుంది. రంగులు, అక్షరాల పరిమాణం, ఖాళీలు సీఎస్ఎస్ అనే వేరే ఫైలులో ఉంటాయి. ఈ విడదీత వల్లే రేపు రాతను ముట్టుకోకుండా రూపం మొత్తం మార్చగలుగుతారు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష జోలికి మొదటి నెలలో వెళ్లకండి. నచ్చిన సైటు కనిపిస్తే కంప్యూటర్‌లో కంట్రోల్, యూ కలిపి నొక్కి దాని మూలాన్ని చూడండి. పెద్ద సంస్థల పేజీల్లో ఏమీ అర్థం కాదు, నిరుత్సాహపడకండి. ఎవరో ఒక్కరే కూర్చుని రాసుకున్న చిన్న సైట్లను వెతికి చూడండి, ఎంతో నేర్చుకోవచ్చు.

వారానికి రెండుమూడు కొత్త వ్యాసాలు పెట్టాలనుకునేవారికి, లేదా నలుగురు కలిసి రాసేచోట, చేత్తో రాయడం నిజంగానే కష్టమవుతుంది. అప్పుడు రాసిన వ్యాసాలను పేజీలుగా మార్చి పెట్టే, 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ వంటిది వాడుకోవడం సబబే; ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయని అంచనా. అయితే అది సర్వర్ మీద ఎప్పుడూ నడుస్తుండే ప్రోగ్రాము, దాని వెనుక ఒక డేటాబేసు ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే, ముఖ్యంగా ఎక్కడెక్కడివో ప్లగిన్లు అనే అదనపు ప్రోగ్రాములు తగిలించి వదిలేస్తే, ఎవరో ఒకరు లోపలికి చొరబడతారు. సాదా ఫైళ్ల సైటును మూడేళ్లు పట్టించుకోకపోయినా ఆ ప్రమాదం చాలా తక్కువ. ఇక లాగి వదిలితే పేజీ తయారయ్యే బిల్డర్ల విషయానికొస్తే, నేను వాటిని తిట్టను. ఈ వారాంతానికి ఏదో కార్యక్రమం ప్రకటన పెట్టాలంటే అవే సులువు. చేరేముందు వారి సహాయ పేజీల్లో ఎక్స్‌పోర్ట్ అన్న మాట వెతకండి. రాసిన పాఠ్యాన్నీ బొమ్మలనూ బయటకు తీసుకుపోయే దారి ఉందా, ఉంటే ఏ రూపంలో వస్తుంది అన్నది అక్కడ తేలుతుంది. జవాబు దొరకకపోతే, పాఠ్యం మూల ప్రతిని మీ కంప్యూటర్‌లో విడిగా ఉంచుకుని మాత్రమే అక్కడ అడుగుపెట్టండి.

చేత్తో రాసేవారిని మొదటి రోజే ఏడిపించే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించిన బొమ్మ సర్వర్‌లో కనిపించదు. చాలాసార్లు కారణం పేరులోని పెద్ద అక్షరం, చిన్న అక్షరం. విండోస్ ఆ రెండింటికీ తేడా చూడదు, సర్వర్లలో ఎక్కువగా ఉండే లినక్స్ చూస్తుంది. కాబట్టి ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మాటల మధ్య హైఫన్‌తో పెట్టుకోండి. రెండో కారణం, బొమ్మ చిరునామాలో మీ సొంత కంప్యూటర్‌లోని సీ డ్రైవు దారి నిలిచిపోవడం. అది మీకు కనిపిస్తుంది, లోకంలో ఇంకెవరికీ కనిపించదు. సైటులోపలి లింకులన్నీ ఫోల్డర్‌ను బట్టి సాగే సాపేక్ష లింకులుగా రాసుకుంటే, ఫోల్డర్‌ను ఎత్తి ఎక్కడ పెట్టినా అవి తెగవు. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని ఉండాలి. పేజీ పైభాగంలో వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగు ఒక పంక్తి రాయడం మరిచిపోతే, ఫోను బ్రౌజరు మీ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద గీసి, ఆపైన కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

మన లిపిలో రాసేవారు ఇంకో మెటా పంక్తి కూడా మరవకూడదు. ఫైలును అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో భద్రపరచి, పేజీ పైన ఆ సంగతి ప్రకటించాలి. లేదంటే తెలుగు బదులు ప్రశ్నార్థకాలూ వింత గుర్తులూ రావచ్చు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వారు, ఎవరి సంకేతాలు వారు పెట్టుకుని నడిచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పాఠ్యం చదవడానికి వచ్చేది కాదు, వెతికితే దొరికేది కాదు, ఇంకోచోటికి అతికిస్తే చెత్తగా మారేది. ఇప్పటికీ పాత డీటీపీ ఫైళ్లలో దాచుకున్న రచనలను సైటులో పెట్టాలనుకునేవారు ముందుగా వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే. అలాగే ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్లలో పంక్తుల మధ్య ఖాళీ మన ఒత్తులకు, గుడులకు చాలదు. సీఎస్ఎస్‌లో లైన్ హైట్‌ను 1.6 లేదా 1.7 వరకు పెంచి చూడండి.

బొమ్మల దగ్గర కొత్తవాళ్లు చేసే దుబారా అంతా ఇంతా కాదు. ఫోనుతో తీసిన ఫొటో తరచుగా 4,000 పిక్సెళ్ల వెడల్పుతో, మూడు నాలుగు మెగాబైట్ల బరువుతో ఉంటుంది. మీ పేజీలో ఆ బొమ్మకున్న చోటు ఎనిమిది వందల పిక్సెళ్లు. సీఎస్ఎస్‌తో చిన్నదిగా చూపించినంత మాత్రాన బరువు తగ్గదు, పాఠకుడి డేటా మొత్తంగానే ఖర్చవుతుంది. అప్‌లోడ్ చేసేముందే 1,600 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్‌గానో వెబ్‌పీగానో భద్రపరిస్తే చాలావరకు రెండు మూడు వందల కిలోబైట్ల లోపుకు వస్తుంది. వెడల్పు, ఎత్తు అంకెలు ట్యాగులోనే ఇస్తే, బొమ్మ ఆలస్యంగా వచ్చినా చదువుతున్న పేరా కిందికి గెంతదు. చూపు లేనివారికి తెర చదివి వినిపించే ప్రోగ్రాములు బొమ్మ ట్యాగులో రాసే ఆల్ట్ అనే పాఠ్యాన్నే చదువుతాయి కనుక, బొమ్మలో ఏముందో అక్కడ ఒక వాక్యంలో రాయండి. కేవలం అలంకారానికి పెట్టిన గీతలకూ పువ్వులకూ దాన్ని ఖాళీగా వదలండి. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టే ఫ్యాషన్‌ను కూడా దయచేసి అనుకరించకండి. అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు పరిమాణం అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కు 1 ఉండాలి. దాన్ని కొలిచి చెప్పే ఉచిత సాధనాలున్నాయి. ఇతరుల సైటులోని బొమ్మను నేరుగా లింకు చేసి చూపించడం మాత్రం రెండు విధాలా తప్పు. హక్కులు వారివి, పైగా వారు దాన్ని తీసేసిన రోజున మీ పేజీకి చిల్లు పడుతుంది.

ఇందాక జియోసిటీస్ దగ్గర చెప్పిన చిరునామా నష్టం, సొంత డొమైన్ ఉన్నా జరగవచ్చు, అదీ మన చేతులారా. మంచి చిరునామాలు మారవని బెర్నర్స్ లీ 1998లోనే రాశారు. ఆయన మాటను పాటించేవాళ్లు తక్కువ. పేజీ చిరునామాలో వాడిన సాఫ్ట్‌వేర్ పేరు, కొత్త, తాజా, చివరి ప్రతి వంటి మాటలు, రేపు మారిపోయే విభాగాల పేర్లు చొప్పించకండి. పేజీ దేని గురించో చెప్పే రెండు మూడు మాటలు చాలు. డిజైన్ మార్చిన ఉత్సాహంలో చిరునామాలన్నీ మార్చేసేవారు, ఇన్నాళ్లుగా ఇతరులు ఇచ్చిన లింకులను, సెర్చ్ ఇంజన్లు గుర్తుపెట్టుకున్న దారులను ఒక్క దెబ్బతో తెంచుకుంటున్నారు. మార్చక తప్పకపోతే, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 అనే దారిమళ్లింపు పెట్టండి. అది పెట్టే వీలు మీ హోస్టింగ్‌లో ఉందో లేదో చేరేముందే అడగండి.

సర్వర్‌కూ పాఠకుడికీ మధ్య పేజీని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, తప్పనిసరి అని గుర్తుంచుకోండి. అది లేని పేజీలన్నింటినీ 2018 జులై నుంచి క్రోమ్ సురక్షితం కాదని చూపిస్తోంది. మా సైటులో రహస్యమేముంది అని కొందరంటారు. రహస్యం లేకపోయినా, దారి మధ్యలో ఎవరూ మీ పేజీలో ప్రకటనలు చొప్పించకుండా కాపాడేది అదే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి అందుకు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగానే ఇస్తోంది. వాటి గడువు తక్కువ, మూడు నెలలకు మించదు కాబట్టి, అవి వాటంతటవే పొడిగించుకునే ఏర్పాటు హోస్టింగ్‌లో ఉండాలి.

సెర్చ్‌లో మొదటి స్థానం తెప్పిస్తామని హామీ ఇచ్చే ఉత్తరాలు డొమైన్ నమోదైన కొద్ది రోజులకే రావడం మొదలవుతాయి. వాటిని చెత్తబుట్టలో వేయండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. ప్రతి పేజీకి దానికే చెందిన టైటిల్, ఒకే ఒక్క పెద్ద శీర్షిక, పేజీల మధ్య అర్థవంతమైన లింకులు ఉంటే, మీరు చేయగల పని చాలావరకు అయినట్టే. మిగతాది రాతలోని సరుకును బట్టి ఉంటుంది. వర్డ్‌ప్రెస్ వాడేవారు ఒక్క సెట్టింగ్ మాత్రం చూసుకోవాలి. సైటు తయారవుతున్నప్పుడు సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడి ఒకటి టిక్ చేస్తారు. సైటు తెరిచాక దాన్ని తీయడం మరిచిపోయి, నెలల తరబడి ఎందుకు కనిపించడం లేదని మథనపడేవారు నాకు తెలిసి కొద్దిమంది కాదు. నిర్మాణంలో ఉంది అన్న బోర్డు మాత్రం పెట్టకండి. పూర్తయిన పేజీ ఒక్కటే ఉంటే ఆ ఒక్కదాన్నే ప్రచురించండి.

చివరిగా బ్యాకప్. హోస్టింగ్ సంస్థ రోజూ బ్యాకప్ తీస్తున్నామని చెబుతుంది, నిజంగా తీస్తుంది కూడా. కానీ ఆ సంస్థతోనే తగువు వచ్చి ఖాతా నిలిచిపోతే ఆ బ్యాకప్ కూడా తలుపు అవతలే ఉండిపోతుంది. సాదా ఫైళ్ల సైటుకు మీ కంప్యూటర్‌లోని ఫోల్డరే అసలు ప్రతి, సర్వర్‌లో ఉన్నది నకలు. మార్పులు ఎప్పుడూ ఇంటి ప్రతిలో చేసి పైకి పంపాలి తప్ప సర్వర్ మీద నేరుగా దిద్దకూడదు. ఆ ఫోల్డర్‌కు ఇంకో ప్రతి మరో డిస్కు మీద, మరొకటి ఇంటి బయట ఎక్కడైనా ఉంచండి. వర్డ్‌ప్రెస్ అయితే ఫైళ్లతో పాటు డేటాబేసును కూడా దింపుకోవాలి, రాతలన్నీ ఉండేది అందులోనే. ఫైళ్లు మాత్రమే దింపుకుని నిశ్చింతగా ఉన్నవారికి ఆపద రోజున బొమ్మలు మిగులుతాయి, మాటలు మిగలవు. తీసిన బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఏడాదికి ఒకసారైనా పరీక్షించండి. సాదా సైటుకు ఆ పరీక్ష చాలా సులువు: ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఎన్నడూ మీ సైటు తెరవని ఇంకో కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ తీసేసి, ఇండెక్స్ పేజీ తెరవండి. అక్కడినుంచి ప్రతి లింకూ నొక్కుకుంటూ పోండి. ఎక్కడ బొమ్మ రాకపోతే, ఎక్కడ అక్షరాల రూపు మారిపోతే, ఎక్కడ పేజీ తెరుచుకోకపోతే, అక్కడ మీ సైటు ఇంకెవరి సర్వర్ మీదో ఆధారపడి ఉందన్నమాట. ఆ చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో ఏవి ఇంటికి తెచ్చుకోవాలో, ఏవి అలాగే వదిలేయవచ్చో మీరే నిర్ణయించుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.